దుప్పటి రెండో కొస

నోయెలీన్ హాకెట్‌కి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. డాండెనాంగ్ లాండ్రీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. టీ గదిలో అందరూ కుర్చీల్లో కూలబడితే ఆమె మాత్రం కప్పు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంది. యాభై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి. సినిమా హాల్లో ఆమె కాలు ఊపుతుంటే కుర్చీల వరసంతా కదిలేదట, భర్త కెన్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కిపెట్టేవాడట. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆ మోకాలిని ఆపే దిక్కు లేదు.

అలాంటి మనిషిని తోటివాళ్ళు యూనియన్ డెలిగేట్‌గా ఎన్నుకున్నారంటే వింతేముంది? ఎవరి షిఫ్టు చెప్పాపెట్టకుండా మార్చినా, ఎవరికి సెలవు కుదరదన్నా, వాళ్ళ తరఫున మేనేజరు దగ్గరికి వెళ్ళి అడిగేది డెలిగేటే. ఆ పనికి షిఫ్టు మధ్యలోనే తగినంత సమయం ఇవ్వాలని కంపెనీతో ఒప్పందం ఉంది. సభ్యుల పక్షాన నోరు విప్పే హక్కు చట్టంలోనే ఉంది. ఈ రెండు ముక్కలూ నోయెలీన్‌కి కంఠతా వచ్చు. ఎవరైనా పిలవడమే ఆలస్యం, చేతిలో పని చేతిలోనే వదిలి, కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కేసేది. మంచి డెలిగేట్ అనే పేరుంది. ఆ పేరంటే ఆమెకి లోపల్లోపల గర్వం కూడా ఉంది, కాదంటే అబద్ధం.

ఆ గురువారం పొద్దుటినుంచీ ఆమె మనసు మనసులో లేదు. మధ్యాహ్నం సెయినీని మేడ మీదికి పిలిచారు. సరైన జవాబు చెప్పకపోతే సెయినీ ఉద్యోగం పోతుంది.

సెయినీ తౌఫా, నోయెలీన్ పదకొండేళ్ళుగా జంటగా పనిచేస్తున్నారు. ఆసుపత్రుల నుంచి వచ్చిన పక్కదుప్పట్లు ఉతికి పిండాక తడితడిగా వీళ్ళు పనిచేసే ఇస్త్రీ రోలర్ దగ్గరికి వస్తాయి. దుప్పటికి ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, కాగే రోలర్ నోటికి అందించాలి. లోపలికి పోయిన దుప్పటి అటువైపు ఇస్త్రీ అయి వస్తుంది, అక్కడ మడతపెట్టేవాళ్ళు అందుకుంటారు. ఇద్దరి చేతులూ ఒకేసారి లేవాలి, ఒకేసారి దిగాలి. పదకొండేళ్ళయ్యాక ఇక మాటలతో పనిలేదు. సెయినీ తన టోంగా దీవుల చర్చి పాటలు గొంతులోనే పాడుకుంటుంటే ఆ వరసకి దుప్పట్లు వెళ్ళిపోయేవి.

ఆ రోజు పాట లేదు.

"ఎందుకు ఆపావో నాకొక్క ముక్క చెప్పవే," అంది నోయెలీన్ కొస అందుకుంటూ.

"చెయ్యి జారింది. ఆపాను. అంతే."

"మూడుసార్లూ జారిందా?"

"మూడుసార్లూ జారింది."

ఫిర్యాదు అదే. కారణం లేకుండా నెలలో మూడుసార్లు ఎర్ర బటన్ నొక్కి రోలర్ ఆపేసిందట. ఒకసారి ఆగితే మళ్ళీ వేడెక్కి దారికొచ్చేసరికి వెనక తడి దుప్పట్లు గుట్టలు పడతాయి, మడతపెట్టేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాలి. సోమవారం నాడు ఆఫీసువాళ్ళు ఈ మాట చెప్పినప్పటినుంచీ నోయెలీన్ అడుగుతూనే ఉంది, సెయినీ అదే జవాబు చెబుతూనే ఉంది. ఆమెకి అబద్ధం ఆడటం రాదని పేరు. ఆడాల్సి వస్తే ఇదిగో, ఇలా చెక్కముక్కలా ఆడుతుంది.

తడి దుప్పట్ల బండి తోసుకుంటూ విన్స్ వచ్చాడు. "ఏంటి నోయెలీన్, ఇవాళ నీ చోట్లోనే ఉన్నావు? ఒంట్లో బాగానే ఉందా?"

"నీ మొహం చూడకపోతే పొద్దుపోదు విన్స్, అందుకే ఉన్నా."

విన్స్ నవ్వుకుంటూ పోయాడు. సెయినీ నవ్వలేదు. కొసని మామూలుకన్నా గట్టిగా గుంజింది, దుప్పటి నోయెలీన్ వేళ్ళలోంచి జారిపోయినంత పనయింది.

భోజనాల వేళ నోయెలీన్ రొట్టెముక్క కొరికి, పక్కన పెట్టి, లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ కొరికింది. సెయినీ ఇంట్లో అత్తగారు, చనిపోయిన అన్నగారి ముగ్గురు పిల్లలు ఉన్నారు. మొగుడి నడుం పడిపోయి రెండేళ్ళు. ఆ ఇంటికంతటికీ ఈ జీతమే ఆధారం. అది తలుచుకుని నోయెలీన్ రొట్టె పక్కకి నెట్టేసింది. సెయినీ మాత్రం చేమాకుల్లో వండిన గొర్రెమాంసం డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపింది. "తిను. తిరిగితే కడుపు నిండదు."

పైన అద్దాల గదిలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు మేనేజరు గ్రాంట్, సిడ్నీ నుంచి వచ్చి ఆరునెలలైంది. ఇంకొకరు సిబ్బంది వ్యవహారాలు చూసే టామ్సిన్, హెడ్డాఫీసు నుంచి ఇందుకోసమే వచ్చింది.

"నోయెలీన్, ముందే చెప్తున్నా," అన్నాడు గ్రాంట్. "నువ్వు సెయినీకి తోడుగా వచ్చావు. తోడొచ్చినవాళ్ళు మాట్లాడరు. కావాలంటే మంచినీళ్ళందించు."

"తోడే కావాలనుకుంటే వాళ్ళత్తగారిని తెచ్చుకునేది గ్రాంట్. ఆవిడ నాకన్నా బాగా మంచినీళ్ళందిస్తుంది. నేను డెలిగేట్‌ని. సెయినీ తరఫున మాట్లాడే హక్కు నాకుంది. నా మాట నమ్మకపోతే పక్కన కూర్చున్నావిడని అడుగు."

టామ్సిన్ తలెత్తకుండానే అంది, "ఉంది గ్రాంట్."

గ్రాంట్ దవడ బిగించాడు. నోయెలీన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి క్షణాల కోసమే తను పుట్టిందేమో అనిపించేది ఆమెకి. కుర్చీ అంచున కూర్చుని, మోకాలు ఊపుకుంటూ, "ఇక చెప్పండి," అంది.

టామ్సిన్ చెప్పింది. మొదటిసారి రోలర్ ఆగింది, నెల మొదట్లో మంగళవారం పొద్దున. నోయెలీన్‌కి ఆ మంగళవారం గుర్తుంది, ఉతికే విభాగంలో గాలి ఆడటంలేదని అక్కడికి వెళ్ళింది. రెండోసారి, ఆ మరుసటి వారం, టీ విరామానికి కాస్త ముందు. ఆ రోజు మడతపెట్టే పిల్లకి సెలవు కుదరదన్నారని ఇదే గదిలో గ్రాంట్‌తో వాదిస్తూ కూర్చుంది. మూడోసారి పోయిన శుక్రవారం. శుక్రవారం కూడా తను రోలర్ దగ్గర లేదు.

ఊగుతున్న మోకాలు ఆగిపోయింది.

తను లేచి వెళ్ళిన ప్రతిసారీ రెండో కొస పట్టే మనిషి ఎవరు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఈ మాట అడగలేదు. ఎవరో ఒకరు వచ్చి పడతారనుకుంది. అసలు అనుకోను కూడా లేదు, వెనక్కి తిరిగి చూస్తే కదా. అంతకుముందున్న మేనేజరు మనిషిని పంపేవాడు కాబోలు. గ్రాంట్ వచ్చాక మనుషుల్ని తగ్గించాడు. తడి దుప్పటిని ఒక్కతే అందిస్తే వంకరగా పోయి రోలర్‌కి చుట్టుకుంటుంది, అప్పుడు ఆపకపోతే మంటలొస్తాయి. దీపం కిందే చీకటి. ఊరందరి కష్టం కనిపెట్టే మనిషికి పక్కనే నిలబడ్డ మనిషి కష్టం కనపడలేదు.

సెయినీ బల్లకేసి చూస్తూ కూర్చుంది.

"నా సభ్యురాలితో విడిగా మాట్లాడాలి," అంది నోయెలీన్.

బయట వసారాలో ఆమె అటూ ఇటూ నడిచింది. సెయినీ గోడకి ఆనుకుని నిలబడింది.

"నేను లేనప్పుడేగా?"

సెయినీ తల ఊపింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివి? వెళ్ళడం మానేసేదానివి. వాళ్ళకి కావలసింది అదే. డెలిగేట్ తిరగడం వల్లే రోలర్ ఆగుతోందని గ్రాంట్ అప్పుడే ఊరంతా చాటేవాడు. నిన్ను అక్కడే కట్టిపడేసేవాడు."

"నీ ఉద్యోగం పోతుంది."

"కోళ్ళ ఫ్యాక్టరీలో మా చెల్లెలుంది. ఏదో దొరుకుతుంది." సెయినీ గోడ వదిలి దగ్గరికి వచ్చింది. "నా తోటిదాని మీద చాడీ చెప్పి నా చోటు నిలబెట్టుకోను. నువ్వూ చెప్పకు. నా తరఫున మాట్లాడమన్నాను, నేను చెప్పమన్నదే చెప్పు. చెయ్యి జారిందని చెప్పు."

అడకత్తెరలో పోకచెక్కయింది నోయెలీన్. నోరు విప్పే హక్కుందని ఇప్పుడేగా గ్రాంట్ మీద గెలిచింది. డెలిగేట్‌కి ఆ నోరు సభ్యుడు ఇచ్చినది. ఇచ్చిన మనిషే వద్దంటే ఎలా విప్పడం? సభ్యుల మాట దాటి ఆమె ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం అనలేదు. ఇప్పుడు అనకపోతే ఆ ఇంట్లో పొయ్యి ఆరుతుంది. వసారా ఆ చివరికి వెళ్ళి, తిరిగొచ్చి, తలుపు తోసింది.

"గ్రాంట్, డెలిగేట్ పని ఇప్పుడే వదిలేస్తున్నా," అంది నిలబడే. "ఇక సెయినీ తరఫున నేనేం మాట్లాడటంలేదు. రోలర్ దగ్గర రెండో కొస పట్టుకునేది నేను. ఆ ముక్క మీద మీకు సాక్ష్యం కావాలా, వద్దా?"

గ్రాంట్ మొహం విచ్చుకుంది. ఆరునెలలుగా అతను కోరుకున్నది అడక్కుండానే చేతిలో పడింది. "చెప్పు నోయెలీన్, విందాం."

"నోయెలీన్, వద్దు," అంది సెయినీ.

నోయెలీన్ చెప్పింది. మూడుసార్లూ తను ఎక్కడుందో, ఎవరి అనుమతితో వెళ్ళిందో చెప్పింది. చెబుతుంటే సెయినీ మొహం చూడలేకపోయింది.

"అదీ సంగతి. డెలిగేట్ తిరుగుళ్ళ వల్లే పని ఆగుతోంది," అన్నాడు గ్రాంట్ టామ్సిన్‌తో.

టామ్సిన్ అప్పుడు తలెత్తింది. "ఆమె వెళ్ళినప్పుడు ఆ చోట్లో ఎవర్ని పెట్టావు?"

"మనుషులెక్కడున్నారు?"

"రోలర్ వేగమన్నా తగ్గించారా?"

గ్రాంట్ తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఫిర్యాదు కొట్టేశారు. ఇకమీదట డెలిగేట్ వెళ్ళేటప్పుడు ఇంకో మనిషిని పంపాలని టామ్సిన్ గట్టిగానే చెప్పింది, పంపుతానని గ్రాంట్ ఒప్పుకున్నాడు.

సెయినీ ఉద్యోగం నిలిచింది. సాయంత్రం బస్సు దగ్గర ఆమె నోయెలీన్‌తో అంది, "నేను చెప్పొద్దన్నాను."

"అన్నావు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు."

"నానదు."

"ఇప్పుడు వీళ్ళందరి కోసం ఎవరెళ్తారు? చెప్పు."

నోయెలీన్ బస్సెక్కేసింది. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు కడిగినవే కడిగింది, పెరట్లోకి పోయి ఎందుకొచ్చిందో మర్చిపోయి తిరిగొచ్చింది. రోలర్ దగ్గర ఇద్దరి చేతులూ లేచేవి, దిగేవి, పాట మాత్రం రాలేదు.

తరవాతి వారం టీ విరామంలో కొత్త డెలిగేట్ కోసం కూడారు. "నోయెలీనే మళ్ళీ ఉండొచ్చుగా," అన్నారు ఒకరిద్దరు. నోయెలీన్ తల అడ్డంగా ఊపింది. సభ్యురాలు వద్దన్న మాట బయటపెట్టిన మనిషి మళ్ళీ ఏ మొహంతో నిలబడుతుంది? అప్పుడు వెనక బల్ల దగ్గర సెయినీ లేచింది. చర్చిలో తప్ప నలుగురిలో గొంతెత్తి ఎరగని మనిషి.

"నేను ఉంటా."

"నువ్వా? నువ్వు మాట్లాడతావా?" అన్నాడు విన్స్.

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే మాట్లాడతా."

గదంతా నవ్వింది. చేతులన్నీ లేచాయి. మొదట లేచిన చెయ్యి విన్స్‌దే.

ఆమెకి మొదటి పిలుపు బుధవారం వచ్చింది. ఉతికే విభాగంలో ఒకతనికి చెయ్యి కాలినా పనిలోకి రమ్మంటున్నారట. "గ్రాంట్‌కి చెప్పాను, మనిషిని పంపుతానన్నాడు," అని సెయినీ కొస వదిలి వెళ్ళింది.

మనిషి రాలేదు.

నోయెలీన్ వెంటనే ఆపొచ్చు. ఆపలేదు. సెయినీ ఎలా చేసిందో చూడాలన్న మొండితనం పుట్టింది. ఈ కొస రోలర్‌కి అందించి, పరుగెత్తి ఆ కొస పట్టుకుని, లాగి సరిచేసి, మళ్ళీ ఇటు పరుగెత్తింది. ఒకటి పోయింది. రెండోది ముడతలతో పోయింది. మూడోది చేతిలోంచి జారి వంకరగా చుట్టుకుంది. మాడు వాసన తగిలింది. తను మేడమీద కుర్చీ అంచున కూర్చుని హక్కులు వల్లిస్తున్నప్పుడల్లా ఇక్కడ సెయినీ ఇలా పరుగెత్తింది, మాట్లాడకుండా. సిగ్గుతో నోయెలీన్ చెవులు కాలిపోయాయి. ఎర్ర బటన్ నొక్కింది.

రోలర్ ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె స్వయంగా ఆపడం అదే మొదటిసారి. అటువైపు మడతపెట్టేవాళ్ళు తలలు తిప్పి చూశారు. మేడమీది రెయిలింగ్ దగ్గరికి గ్రాంట్ వచ్చాడు.

"ఎవరు ఆపింది?"

"నేను. నోయెలీన్ హాకెట్‌ని," అందామె రోలర్ చాటు నుంచి అందరికీ కనపడేలా ఇవతలికి వచ్చి. "సెయినీ డెలిగేట్ పని మీద వెళ్ళింది. అది ఆమె హక్కు. రెండో కొస పట్టడానికి నువ్వు పంపుతానన్న మనిషి రాలేదు. వచ్చేదాకా ఇది నడవదు."

గ్రాంట్ చెవికి చెయ్యి ఆనించాడు, సగమే వినపడినట్టు. ఈ మాట పోయిన నెలలోనే సెయినీ అనాల్సింది. అననివ్వనిది గ్రాంట్ ఒక్కడే కాదు, తను కూడానని నోయెలీన్‌కి తెలుసు. అందుకే రెండోసారి ఇంకా గట్టిగా, ఉతికే విభాగం దాకా వినపడేలా, మొదటినుంచీ మళ్ళీ చెప్పింది.