పంటి మీద నూలు గాడి

దర్జీ షాపులోకి నేను వెళ్లను. బట్ట ఇచ్చి బయట మెట్టు మీదే నిలబడతాను. కుట్టు అయిపోయాక దారం కొసను పంటితో తుంచుతారు కదా, ఆ చిన్న చప్పుడు నాకు పడదు. పళ్లతో దారం కొరికితే పళ్లు అరిగిపోతాయని ఎప్పుడో ఒకసారి ఇంట్లో ఉపన్యాసం ఇచ్చినట్టున్నాను. అందుకే మావాళ్లు ఇదంతా డాక్టరమ్మ చాదస్తం అనుకుంటారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. అసలు సంగతేమిటంటే, ఆ చప్పుడు వినగానే నాకు ఒక నోరు గుర్తొస్తుంది.

దంతవైద్యం చదివేవాళ్లకు ఆఖరి ఏడాదిలో పట్టే పిచ్చి బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. పరీక్షలో కట్టుడు పళ్లు అమర్చి చూపించాలి, అందుకు పేషెంటును మేమే వెతుక్కోవాలి. నోట్లో ఒక్క పన్ను కూడా ఉండకూడదు, చిగుళ్లు గట్టిగా ఉండాలి, పిలిచినప్పుడల్లా రావాలి. బస్సులో, సంతలో, పెళ్లి పందిట్లో ఎక్కడ బోసినోరు కనిపించినా మాకు ప్రాణం లేచొచ్చేది. నా రూమ్మేట్ సొంత మేనత్త నోట్లోకి టార్చి వేసి చూసి చీవాట్లు తింది. నాకు నెక్కొండ నుంచి ఒక తాత దొరికాడు. చిగుళ్లంటే ఆయనవే చిగుళ్లు. పరీక్షకు మూడు నెలలుందనగా మా క్లాసు అబ్బాయి ఒకడు ఆయన్ను రైలు దిగగానే స్టేషన్లోనే పట్టుకుని, స్కూటీ ఎక్కించుకుని, తన పేషెంటు చేసుకున్నాడు. నేను రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చాను.

ఆ వారంలోనే నేతవాళ్లుండే కొత్తవాడలో ఆ అవ్వ కనిపించింది.

ప్లాస్టిక్ దవడ ఒకటి చేతికిచ్చి, బ్రష్ ఎలా చేసుకోవాలో చూపించి రమ్మని కాలేజీ వాళ్లు మమ్మల్ని వీధుల్లోకి పంపేవారు. ఒక ఇంట్లో ముందు గదంతా మగ్గమే. కొడుకు జంపఖానా నేస్తున్నాడు. గడప దగ్గర కూర్చుని అవ్వ రాట్నం తిప్పుతూ అతనికి నూలు కండెలు చుట్టి ఇస్తోంది. పోగు తెగితే ముడివేసి, మిగిలిన కొసను పళ్ల మధ్య పెట్టి టప్పున తుంచేది. చూపు మాత్రం నూలు మీది నుంచి కదిలేది కాదు. మా ప్లాస్టిక్ దవడను చూసి నవ్వింది. నవ్వినప్పుడు నేను ఆమె పళ్లు లెక్కపెట్టాను. పైన రెండు, కింద నాలుగు. ఈ ఆరూ తీసేస్తే నా పరీక్ష గట్టెక్కుతుందని అక్కడ నిలబడే అనుకున్నాను.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లాను. ఉన్న ఆరు పళ్లు ఎలాగూ ఊడిపోయేవేనని, అవి తీసేస్తే నోటినిండా ఇరవై ఎనిమిది పళ్లు ఉచితంగా పెడతానని చెప్పాను. దవాఖానకు నేనే తీసుకెళ్లి నేనే దింపుతానన్నాను. కొడుకు సరేనన్నాడు, కోడలు సంతోషపడింది. అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది.

"వాటితోని దారం కొరుకొస్తదా బిడ్డా?"

"రాయి కూడా కొరుకొచ్చు అవ్వా" అన్నాను.

కట్టుడు పళ్లు ముందు వైపు కొరికితే వెనక లేస్తాయి. అది మాకు మూడో ఏడాదిలోనే చెప్పారు. ఆ రోజు అది నాకు గుర్తు రాలేదని చెప్పుకుందామనుకుంటాను గానీ, గుర్తొచ్చింది.

పళ్లు తీయడానికి కుర్చీలో కూర్చోబెట్టి అద్దం పెట్టి చూసినప్పుడు పళ్ల మీద గాడులు కనిపించాయి. పై పళ్ల అంచుకీ కింది పళ్ల అంచుకీ, నూలు పోగు పట్టేంత సన్నటి గాడి. ఏళ్ల తరబడి ఒకేచోట దారం తుంచితే పడిన గాడి. నున్నగా అరిగిపోయింది. పళ్లు మాత్రం రాళ్లలా ఉన్నాయి. కేసు షీటులో "కదులుతున్నాయి" అని రాశాను. మాకు పెద్దాయన ఒకరు సార్‌గా ఉండేవారు. షీటు చూసి, లూజుగా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి సార్ అన్నాను. ఆయన చేయి పెట్టి చూడకుండానే సంతకం పెట్టారు, బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు. కదిలే పన్ను నిమిషంలో వచ్చేస్తుంది. అవ్వ కింది పళ్లు నాలుగూ తీసేసరికి నా మణికట్టు వాచింది. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

గాయం మానడానికి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలల్లో కొలతలకు పిలవడానికి వెళ్తే, అవ్వ బొటనవేలికి బ్లేడు ముక్క గుడ్డతో కట్టుకుని పోగులు కోస్తోంది. వేళ్ల నిండా గాట్లు. ఇంకొన్ని రోజులే కదా అవ్వా అన్నాను. ఔ బిడ్డా అని తలూపింది.

పరీక్ష రోజు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మైనం మీద నేను అమర్చిన పళ్లు ఆమె నోట్లో పెట్టి అద్దం ఇచ్చాను. పరీక్షలో చూసేది ఆ మైనం పళ్లనే. తర్వాత వాటిని గట్టి పళ్లుగా పోసి ఇవ్వాలి, కానీ దానికి మార్కులుండవు. ఇవి మైనమని, తాకితే చెడిపోతాయని అవ్వకు చెప్పానా? చెప్పి ఉంటాననే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. చెప్పిన గుర్తయితే లేదు.

అద్దంలో చూసుకుని చాలాసేపు నవ్వింది. పక్క కుర్చీల్లోని పేషెంట్లకు కూడా నవ్వి చూపించింది. పరీక్షకుడు రెండు కుర్చీల అవతలికి వచ్చాడు. నేను గ్లవ్స్ సర్దుకుంటూ అటు చూసి ఇటు తిరిగేలోపు, అవ్వ తన కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి, ముందు పళ్ల మధ్య పెట్టి కొరికింది. రెండు పళ్లు మైనంలోంచి ఊడి, గబుక్కున చాచిన నా చేతిలో పడ్డాయి.

"ఎవరు కొరకమన్నరు నిన్ను? నా బతుకు ఖరాబు చేస్తవా?" అన్నాను. గొంతు తగ్గించే అన్నాను, కానీ ఎలా అన్నానో నాకు తెలుసు. కుక్కను అదిలించినట్టు అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, నేను మైనం కత్తి వేడిచేసి ఆ రెండు పళ్లూ మళ్లీ అతికించేదాకా నోరు అలాగే తెరిచి ఉంచింది. పరీక్షకుడు చూశాడు, బాగుందన్నాడు. నేను పాసయ్యాను. పది రోజుల్లో రా అవ్వా, గట్టి పళ్లు ఇస్తానని చెప్పి ఆటో ఎక్కించాను.

పది రోజులకు నేను తొర్రూరులో మా ఇంట్లో మామిడికాయ పచ్చడి తింటూ ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరాయి. ల్యాబు అరలో మైనం మెత్తబడి, అవ్వ పళ్లు ఒకవైపుకి ఒరిగి జారిపోయి ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి చేయాలి. నన్ను అప్పటికే వేరే విభాగంలో వేశారు. రేపు చేద్దాం, వచ్చే వారం చేద్దాం అనుకున్నాను.

ఒక పొద్దున ఓపీ ముందు బెంచీ మీద ఆమె కనిపించింది. అదే ఉతికిన చీర. ఒళ్లో టిఫిన్ బాక్స్. నేను వెనక మెట్ల మీదుగా దిగి వెళ్లిపోయాను. మధ్యాహ్నం దాకా కూర్చుని పోయిందని ఓపీ ఊడ్చే ఆయమ్మ చెప్పింది. ఇంకోసారి కూడా వచ్చిందట. అప్పుడు నేను నిజంగానే లేను. ఆ తర్వాత రాలేదు. రానందుకు నాకు హాయిగా అనిపించింది, ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తీసిన పళ్లను మేము పారేయం. ఒక సీసాలో వేస్తాం. జూనియర్లు వాటిని సున్నపు దిమ్మలో పాతి, డ్రిల్లు పట్టడం నేర్చుకుంటారు. ఆ వానాకాలం ఒక జూనియరమ్మాయి తన దిమ్మ తెచ్చి, అక్కా, ఈ పంటికి ఈ గాడి ఏంటి, పురుగు పట్టిందా అని అడిగింది. చూడగానే గుర్తుపట్టాను. పన్ను సున్నంలో నిలువుగా నిలబడి ఉంది, నెత్తిన నూలు గాడి. దాని కింద అప్పటికే సగం రంధ్రం తొలిచింది. ఆమెకు రెండు దవడ పళ్లు ఇచ్చి ఆ దిమ్మ తీసుకున్నాను.

అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. నేనిప్పుడు అదే విద్య చెప్పే టీచర్ని. పరీక్ష అయిపోయినా సరే, పేషెంటు చేతికి గట్టి పళ్లు ఇచ్చి, అవి పెట్టుకుని అన్నం తిన్నారని నాకు చూపించేదాకా నేను ఏ విద్యార్థి పుస్తకంలోనూ సంతకం పెట్టను. పిల్లలు నన్ను వెనక రాక్షసి అంటారు. ఏ షీటులోనైనా "కదులుతున్నాయి" అని రాసి ఉంటే నా వేలు పెట్టి కదిపి చూస్తాను. ఇంత చేసినా, ఇంటికెళ్లే దారిలో కొత్తవాడ వైపు మలుపు వస్తే ఎప్పుడూ నేరుగానే పోయాను. పదకొండేళ్లు.

కిందటి చలికాలం నేతపనివాళ్ల కోసం అక్కడే క్యాంపు పెట్టారు, నా పేరు వేశారు. లీవు పెట్టాలనుకుని పెట్టకుండా వెళ్లాను. సొసైటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, లైన్లో జనం. కోడలి చెయ్యి పట్టుకుని అవ్వ వచ్చింది. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకు దగ్గరగా వచ్చింది. నేను మాస్కులో ఉన్నాను. అయినా కూర్చోగానే నా కళ్లలోకి చూసింది.

"నువ్వు ఆ పరీచ్చ బిడ్డవే గదా?"

ఔనవ్వా అన్నాను.

"పాసైనవా మరి?"

అయ్యానన్నాను. ఆమె నిజంగానే సంతోషపడింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, కోడలికి వినపడకుండా చెప్పింది.

"రెండుసార్లు వచ్చిన బిడ్డా. దారం కొరికి నీ పండ్లు ఖరాబు చేస్తి గదా. కోపమొచ్చి ఇయ్యలేదేమో అని మల్ల రాలే."

పదకొండేళ్లు ఆమె అలాగే అనుకుంది. ఇంట్లో ఎవరడిగినా, ఇచ్చిన పళ్లు తనే పోగొట్టుకున్నానని చెప్పిందట. ఆ మాట కోడలే తర్వాత నాతో అంది.

నేను మాస్కు తీశాను. తప్పు నీది కాదవ్వా, ఆ పళ్లు మైనంవి, ఎవరు కొరికినా ఊడేవే అన్నాను. నీకు మంచి పళ్లుంటే నా పరీక్ష కోసం తీశానని, నువ్వొచ్చిన రోజు నిన్ను చూసి దాక్కున్నానని చెప్పాను. లైన్లోవాళ్లు వింటున్నారని తెలిసీ చెప్పాను. ఆమె నా చెంప మీద చెయ్యి వేసింది. వేళ్ల మీద బ్లేడు గాట్లు గరుకుగా తగిలాయి.

"గట్లనకు బిడ్డా. నేను సూసిన గదా, రెండు పండ్లు ఊడి నీ చేతుల వడె. నువ్వెంత పరేషాన్ అయితివో."

ఇంకేం చెప్పినా వినలేదు. నోరు తెరిచింది. నేను వేలు పెట్టి కింది చిగురు తడిమాను. పళ్లు పోయినచోట ఎముక ఏటేటా కరిగిపోతుందని పిల్లలకు ప్రతి సంవత్సరం పాఠం చెప్తాను. అక్కడ ఎత్తు లేదు, గట్టు లేదు, పళ్లు కూర్చోవడానికి ఏమీ మిగల్లేదు. ఎంత బాగా చేసినా నిలవవు. వేలు తీయకుండా అలాగే ఉండిపోయాను.

ఆమె నా మొహం చూసింది. నా చెయ్యి మెల్లగా పక్కకు జరిపింది.

"ఈసారి ఏం కొరుక బిడ్డా" అంది. "ఒట్టు."