ఎర్ర రిబ్బను ఎవరి చేతికి

మన గట్టు మండలం ఆడబిడ్డ శాంతమ్మ జిల్లా కేంద్రంలోని దవాఖానలో ఆయాగా చేరి పేరు తెచ్చుకుంది. తుంగభద్ర పొంగిన ఏడు అలంపూర్ నుంచి వచ్చిన బాలింతలకు తన చీరలే పరిచింది. కరోనా కాలంలో అందరూ దూరం జరుగుతుంటే ఆమె దగ్గరికి జరిగింది. పెద్దసభలో శాలువా కప్పించుకుంది. ఇన్ని ఉన్నా, చెప్పవలసింది ఆ ఒక్క మధ్యాహ్నం సంగతి.

ఎమర్జెన్సీ వార్డుకు జనం ఎందుకింతగా వస్తున్నారో, అక్కరున్నవారికి వైద్యం ఎంత తొందరగా అందుతున్నదో పరిశోధించడానికి అప్పట్లో హైదరాబాదు నుంచి డాక్టర్లు వచ్చారు. ప్రాణం మీదికి వచ్చినవారి చేతికి ఎర్ర రిబ్బను, ఆగగలిగినవారికి ఆకుపచ్చది కట్టమన్నారు. కట్టే పని శాంతమ్మది.

వాకిట్లో ఎండ పాలలా పరుచుకుంది. ఫ్యాను గాలికి తెరలు ఊగుతుంటే వార్డంతా నీటి అడుగున ఉన్నట్టు, మాటలన్నీ ఏటి అవతలి ఒడ్డు నుంచి వస్తున్నట్టు తోచింది ఆమెకు. అప్పుడే ఓబయ్య, ఆయన కోడలు కల్పన ఆటో దిగారు. మామకు మోకాలు వాచింది. కోడలు పురుగుమందు కొట్టిన సీడ్ పత్తి (విత్తన పత్తి) చేనులో పనిచేస్తూ కళ్లు తిరిగి పడిందట. అయినా తాను తోడుగా వచ్చానని, చూడవలసింది మామనేనని ఆమె వాదన. వార్డు డాక్టరమ్మ కల్పన కంటిపాపలు చూసి ఎర్ర రిబ్బను కట్టమని చెప్పి, లోపల మంచం సిద్ధం చేయించడానికి పోయింది. ఓబయ్యకు ఆకుపచ్చది. శాంతమ్మ రెండూ కట్టి స్ట్రెచర్ కోసం వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఎర్ర రిబ్బను ఓబయ్య ముంజేతికి ఉంది. వార్డుబాయ్ సతీష్ ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తోయబోతున్నాడు. కల్పన గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మామ కూర్చున్న బల్ల మీద కోడలు కూర్చోదు మరి. పెదవుల చివర నురగ. దూరంగా పూసిన చేనును చూస్తున్నట్టు నవ్వుతోంది.

రిబ్బను ఎవరు మార్చారని శాంతమ్మ అడిగింది.

"నేనే అక్కా," అంది కల్పన, నాలుక మడతపడుతుంటే. "ఎర్రదాన్ని ముందుగాల పిలుస్తరంట గదా. పెద్దమనిషి ఉండంగ నేనెట్ల ముందు పోత?"

పదిమందిలో ఓబయ్యను కుర్చీలోంచి లేపడమంటే ఆయన తలపాగా లాగినంత పని. శాంతమ్మ వంగి ఆయన చెవిలో చెప్పింది.

"పెద్దయ్యా, గా రిబ్బను మర్యాదకు గాదు. పానం మీదికొచ్చినోళ్లకు."

ఓబయ్య కోడలి వైపు చూశాడు. రిబ్బను ముడి ఊడి రాకపోతే పంటితో తెంపాడు. వాచిన మోకాలి మీద లేచి, కుర్చీని తానే ఆమె వైపు తోశాడు.

పొద్దు వాలేదాకా సూదుల మీద సూదులు పడ్డాయి. నురగ తుడుస్తూ శాంతమ్మ పక్కనే ఉంది. కల్పన ఊపిరి మునిగిపోతూ, తేలుతూ, మళ్లీ మునుగుతూ సాగింది. కిటికీలో వెలుగు పసుపు రంగుకు తిరిగిన వేళ ఆమె ఒడ్డు తగిలినట్టు కళ్లు తెరిచింది. మామను చూసిండ్రా అన్నది తొలి మాట.

ఓబయ్య గుమ్మం దగ్గర నేల మీద మోకాలు చాపుకుని ఉన్నాడు. ఆయన వరుస ఇంకా రాలేదు. శాంతమ్మ నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు.

"చూసిండ్రు బిడ్డా. సూది గుడ ఇచ్చిండ్రు. జర పండుకో."

కల్పన కళ్లు మూసుకుంది. శాంతమ్మ దుప్పటి మడిచి తెచ్చి ముసలాయన మోకాలి కింద పెట్టింది.