నాగరత్నమ్మ పీచు, నేనిచ్చిన సబ్బు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి చలికాలంలో నేను బెంగళూరు పక్కన బొమ్మసంద్రలోని ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో నర్సుని. అక్కడ చేతుల మీద పుండో పొక్కో కనిపించిన మనిషిని ప్యాకింగ్ లైను మీద నిలబడనివ్వరు. నర్సు చూసి రిజిస్టరులో రాయాలి. గురువారం వచ్చే డాక్టరు ఫిట్ అనో, అన్‌ఫిట్ అనో సంతకం పెట్టాలి. అన్‌ఫిట్ అయితే కాంట్రాక్టరు మళ్లీ పనికి పిలవడు.

అలా వచ్చింది నాగరత్నమ్మ. యాభై ఆరేళ్లు. మోచేతుల దాకా తెల్లటి పొట్టు, గీరుకున్న చారలు. వెంట వచ్చిన సూపర్‌వైజరు, "అంటుకునే తీట ఇది సిస్టర్, రాసేయండి" అన్నాడు.

"రోగం పేరు నువ్వే చెప్తే ఇంక నేనెందుకప్పా ఇక్కడ?" అన్నాను. నోరైతే చేసుకున్నాను గానీ, నేను చేసిందీ గొప్పేం కాదు. క్రిములను చంపే సబ్బు ఒకటిచ్చి, డాక్టరు వచ్చేదాకా చూద్దామని ఇంటికి పంపాను.

నాలుగు రోజులకే చేతులు ఎర్రబడి పగిలాయి. డాక్టరు వచ్చేది ఎల్లుండి. అంటుకునేదైతే ఇంట్లోనో లైనులోనో ఇంకొకరికి రావాలి కదా? విచారిస్తే ఎవరికీ లేదు. అప్పుడు తోచింది, స్నానం ఎట్లా చేస్తావని అడగడం.

"హండెలో నీళ్లు బాగా కాగబెట్టి, మీరిచ్చిన సబ్బేసి పీచుతో రుద్దుతాను. పొద్దున, సాయంత్రం. ఎంత రుద్దినా ఈ మురికి వదిలేట్టు లేదు."

"మురికి కాదమ్మా, అది నీ చర్మం."

"అయితే సబ్బెందుకిచ్చిరి?"

వయసు పైబడేకొద్దీ చర్మంలో నూనె ఊరడం తగ్గుతుందని చదువుకున్నదాన్నే. ఉన్న ఆ కాస్త నూనెనీ వేడినీళ్లు, సబ్బు, పీచు కలిసి ఊడ్చేస్తున్నాయి. పీచు మానెయ్యమన్నాను. గోరువెచ్చటి నీళ్లతో ఐదు నిమిషాలు. సబ్బు చంకలకి, పాదాలకి చాలు. తడి అద్దుకుని, ఒళ్లు పూర్తిగా ఆరకముందే వాజలైన్ రాసుకోవాలి.

రిజిస్టరులో సబ్బు నేనే ఇచ్చానని కూడా రాశాను. గురువారం డాక్టరు అది చదివి, చేతులు చూసి, పొడి చర్మమేనన్నారు. రెండు వారాలు బిస్కెట్లు చేతికి తగలని అట్టపెట్టెల విభాగంలో ఉంచమన్నారు. సూపర్‌వైజరు గొణిగాడు. గడువు తీరేసరికి పగుళ్లు మానాయి, ఫిట్ అని సంతకం పడింది. నాగరత్నమ్మ మళ్లీ లైను మీదికి వెళ్లింది.

ఆ తర్వాత చర్మం గురించి ఎవరొచ్చినా, వాళ్లు రోజూ ఒంటికి ఏం చేస్తున్నారో ముందు అడిగేదాన్ని. సగం మందికి కొత్తగా రాసివ్వాల్సిందేమీ ఉండేది కాదు, మాన్పించాల్సిందే ఉండేది.