ఏడాదింటి చాక్లెట్ ఉండలు

ఆండర్సన్‌పేటలోని ఆ గని కార్మికుల ఇళ్ళ లైనులో ఫ్లోరమ్మ ముక్కంటే అందరికీ భయం. పాలు విరగబోయే సంగతి పాలకన్నా ముందు ఆ ముక్కుకు తెలిసిపోతుందని చెప్పుకునేవాళ్ళు. పెళ్ళి విందులో ఆమె కుర్మా గిన్నెలోకి చూసి మూతి ముడిచిందంటే, ఆ వరసలో కూర్చున్న నలుగురు పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు. ఇంకొకరి లోటాతో ఆమె నీళ్ళు తాగదు. ఇంకొకరి దువ్వెన ఆమె అద్దం ముందు కనిపిస్తే ఆ రోజు ఇల్లంతా సబ్బునీళ్ళే.

అలాంటి మనిషి ఇరవై రెండేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. అక్కడ ఒక్కనాడు కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. “రోగి మన మొగమే చూస్తా ఉంటాడమ్మా. మనం ముక్కు మూసుకుంటే వాడు ఆడికే సగం చచ్చిపోతాడు” అని కొత్తగా చేరిన ఆయాలకు చెప్పేది. పగలంతా మింగిన అసహ్యాన్ని సాయంత్రం ఇంటికి తెచ్చి గ్లాసు అంచు మీది మరక మీదా, మొగుడి సాక్సుల మీదా కక్కేది. మొగుడు జెరాల్డ్ నవ్వుకుంటూ సాక్సులు బయట తీగ మీద వేసి లోపలికి వచ్చేవాడు. గని నడిచినన్నాళ్ళు గనిలో పనిచేశాడు. మూతపడ్డాక ఆటో తోలాడు. ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము ఇరవై ఏళ్ళకు పైగా ఓపిక పట్టి, మొన్న మార్చిలో అతన్ని తీసుకుపోయింది. చివరి మూడు నెలలు అతని కఫం గిన్నె ఆమే కడిగింది. అప్పుడూ ముక్కు మూసుకోలేదు.

అతన్ని మట్టిలో పెట్టి వచ్చాక మాత్రం లోకమంతా కంపు కొట్టడం మొదలైంది. ఉడికే అన్నం కంపు. ఉతికిన దుప్పటి కంపు. ఓదార్చడానికి వచ్చి మెడ మీద వాలిపోయే వాళ్ళ చెమట కంపు.

అంతలో డిసెంబరు వచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండక్కి నూనె చట్టి పెట్టకూడదని అక్కడి ఆచారం. ఆ ఇంటిని ఏడాదిల్లు అంటారు. క్రిస్మస్ వారంలో ఇరుగుపొరుగువాళ్ళు తాము చేసిన పిండివంటలు పళ్ళెంలో పెట్టి తెచ్చి ఇస్తారు. మామూలు ఇళ్ళ మధ్య పళ్ళెం ఖాళీగా తిరిగి వెళ్ళదు. ఇచ్చినవాళ్ళు ఎంత ఇచ్చారో, పుచ్చుకున్నవాళ్ళూ అంతో ఇంతో పెట్టి పంపుతారు. ఏడాదింటి పళ్ళెం మాత్రం కడిగి, తుడిచి, ఖాళీగానే వెళ్ళాలి.

ఇరవై రెండో తేదీకల్లా ఫ్లోరమ్మ ఇంటికి ఏడు పళ్ళేలు వచ్చాయి. ఒకదానిలో అచ్చుతో వేయించిన గులాబీ పువ్వులు కరకర పోయి తడి కాగితంలా వంగుతున్నాయి. ఇంకొకదానిలో కేకు పొడి, ఆ పొడిలో చీమలు. డబ్బా అడుగున మిగిలిన విరుగూ తరుగూ ఏడాదింటికి పంపడం లైనులో అందరికీ తెలిసిన రహస్యమే. ఫ్లోరమ్మకూ తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఆ వారం ఆమె తలచుకోలేదు.

అన్నిటికన్నా ఘోరం ఆడబిడ్డ జాయ్స్ పంపిన పళ్ళెం. జాయ్స్ జెరాల్డ్‌కు అక్క, అదే లైనులో నాలుగిళ్ళ అవతల ఒంటరిగా ఉంటుంది. కల్‌కల్‌లు పంపింది. దువ్వెన పళ్ళ మీద పిండి ఒత్తి, గవ్వల్లా చుట్టి, నూనెలో వేయించి పంచదార పట్టించినవి. చూడటానికి ముత్యాల్లా ఉన్నాయి. గుడ్డ తీయగానే ముక్కిపోయిన నూనె వాసన గుప్పున కొట్టింది. ఫ్లోరమ్మ పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

“సొంత ఆడబిడ్డ! చచ్చినోడు ఆమె తమ్ముడు గదే! చావింట్లో ఏమి పెట్టినా తింటారని పంపించినాది!” అని సాయంత్రం కూతురి ముందు ఎగిరింది.

కూతురు ప్రిన్సీ రోజూ పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి వస్తుంది. అలసిపోయి గోడకు ఆనుకుని ఉంది. “పారేయి మమ్మీ.”

“పారేస్తా. తట్ట?” ఫ్లోరమ్మ పళ్ళెం ఎత్తి చూపించింది. “తట్టను ఖాళీగా ఇయ్యల్ల గదా? ఇంత గబ్బు తినిపించి, పైన నా చేతి నించి ఖాళీ తట్ట తీసుకుని ‘అయ్యో పాపం’ అని పోతారు. ముప్పై రెండేండ్లలో ఈ ఇంటి నించి ఖాళీ తట్ట పోయిండాదా?”

ఆమె పట్టింపు తిండి గురించి కాదు. ఏడు పళ్ళేలూ ఏదో ఒకటి మోసుకుని వెళ్ళాలి. జెరాల్డ్‌తో పాటు ఈ ఇంటి పొయ్యి ఆరిపోలేదని ఆ ఏడిళ్ళకూ తెలియాలి. అంతే.

ప్రిన్సీ కాసేపు ఫోను చూసి లేచి కూర్చుంది. “మమ్మీ, రూలు ఏమి? నూనె చట్టి పెట్టకూడదు. అంతేగదా? ఈ ట్రఫుల్ ఉండలు చూడు. చాక్లెట్టు, క్రీము. నూనె యాడుంది? చట్టి యాడుంది?”

“ఎవురే నీకు ఈ లాయరు మాటలు నేర్పినారు?” అంది ఫ్లోరమ్మ. కానీ ఫోను లాక్కుని ఆ వీడియో మూడుసార్లు చూసింది. ఎవరిదో తెల్లటి చెయ్యి, నల్లటి ముద్దను ఉండ చేస్తోంది. “థూ. చూడనే కాదు. ఆసుపత్రిలో ఇట్లాంటివి గంపలు గంపలు ఎత్తి పోసినాను” అంది. మర్నాడు సాయంత్రం ప్రిన్సీ బెంగళూరు నుంచి రెండు పెద్ద చాక్లెట్ పలకలు, క్రీము పాకెట్లు, కోకో పొడి తెచ్చింది. ఎలా చెయ్యాలో ఒక కాగితం మీద రాసి, ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే రైలుకు వెళ్ళిపోయింది.

ఫ్లోరమ్మ కాగితం చదివింది. వేడి క్రీము చాక్లెట్ ముక్కల మీద పోసి ఊరికే కూర్చోవాలట. పొయ్యి మీద పెట్టకుండా, పాకం పట్టకుండా ఉండ ఎలా కడతారు? జన్మలో ఆమె పాకం లేని ఉండ కట్టలేదు. కాగితాన్ని పక్కన పెట్టి, మొదటి పలకను ముక్కలు చేసి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుంది. చాక్లెట్ కరిగింది. చుక్క తీసి నీళ్ళలో వేసింది. ఉండ కాలేదు. ఇంకొంచెం మంట పెంచింది. మళ్ళీ చుక్క వేసింది. మూడో చుక్క వేసేసరికి గిన్నెలోది ఇసకలా విరిగి, అడుగు మాడి, నల్లటి పొగ లేచింది.

పాలు పోసే మునివెంకటమ్మ సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మంలోకి వచ్చింది. ఊరవతల పల్లె ఆమెది. రోజూ పాలు పోసి, ఆవుకు వేయడానికి కుడితి బకెట్ పట్టుకుపోతుంది.

“ఏమి ఫ్లోరమ్మా, టైరు కాలస్తా ఉండావా?”

“చాక్లెట్టు.”

మునివెంకటమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. “మా ఆవు పేడ ఇంగా బాగుంటాది.”

“నోరు మూసుకో. ఆ తట్టలోవి గూడా నీ బకెట్లో పోసుకో.” జాయ్స్ కల్‌కల్‌లు చూపించింది ఫ్లోరమ్మ.

మునివెంకటమ్మ ఒకటి తీసి వాసన చూసి, చెయ్యి దూరంగా పెట్టింది. “వద్దు తల్లీ. నా ఆవుకు గూడా రోషం ఉండాది.” చివరికి పేడకుప్పలో పారేస్తానని బకెట్లో పోసుకుంది. ఫ్లోరమ్మ రెండు కల్‌కల్‌లు మాత్రం వెనక్కి తీసి చిన్న గిన్నెలో దాచింది. ప్రిన్సీ రాగానే ముక్కుకు పెట్టి చూపించాలి. మేనత్త, మేనత్త అని వెంట తిరిగే పిల్లకు సాక్ష్యం ఉండాలి.

“ఇంగో పలక ఉండాది గదా,” అంది మునివెంకటమ్మ పోతూ పోతూ. “ఆ పాప రాసినట్టే చెయ్యి. నీకు తెలిసింది చెయ్యొద్దు.”

రెండో పలకకు ఫ్లోరమ్మ కాగితానికి లొంగింది. క్రీము అంచున బుడగలు రాగానే దించి, ముక్కల మీద పోసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కలిపితే, ఆశ్చర్యం, అద్దంలా మెరిసే ముద్ద అయింది. గిన్నెను కిటికీ గట్టు మీద పెట్టింది. డిసెంబరు చలికి మధ్యాహ్నంకల్లా గట్టిపడింది. వెన్న రాసుకున్న చేతుల్లోకి తీసుకుంటే మాత్రం ఒళ్ళు జలదరించింది. వెచ్చగా, మెత్తగా, వేళ్ళ సందుల్లోకి పాకింది. గోళ్ళలోకి దూరింది. ఆ రంగూ, ఆ జారుడూ ఆమెకు తెలిసినవే. వార్డులో తెలిసినవి. పళ్ళు బిగించి, ముఖం గోడవైపు పెట్టి, చూడకుండా ఉండలు చుట్టింది.

ఇరవై ఉండలు అయ్యాయో లేదో, వీధి తలుపు తోసుకుని జాయ్స్ వచ్చింది.

ఏడాది కట్టుబాట్లలో ఆ ఇంటికి పెద్దదిక్కు జాయ్సే. ఆమె వద్దంటే ఉండలన్నీ పేడకుప్పలోకే. పళ్ళేలు ఖాళీగానే.

“ఏమి ఫ్లోరా, పొయ్యి కాడ?” అంటూ జాయ్స్ వంటింట్లోకి వచ్చి పీట లాక్కుంది. మాడిన గిన్నె ఇంకా పొగ కంపు కొడుతూ పక్కనే ఉంది. జాయ్స్ దాని పక్కనే కూర్చుని, నీళ్ళు కాగుతున్న పొయ్యికి చేతులు కాచుకుంది. “వెచ్చగా ఉండాది. ఏమి చేస్తా ఉండావు, కాఫీనా?”

ఫ్లోరమ్మ వింతగా చూసింది. పొద్దుటినుంచి లైనంతా టైరు కంపు అంటోంది.

“చాక్లెట్టు ఉండలు వదినా. నూనె లేదు, చట్టి లేదు. తట్టల్లో పెట్టి పంపిస్తా. వద్దంటే ఇప్పుడే చెప్పు.” గొంతు గట్టిగానే పెట్టింది, కానీ చేతిలో ఉండ సొట్టపోయింది.

జాయ్స్ ఆ సొట్టపోయిన ఉండ వైపు చూసింది.

“నా ఇంటాయన పోయిన ఏడు, నీ తట్ట జెరాల్డు తెచ్చినాడు,” అంది. “కల్‌కల్. ఒక్కటి గూడా విరగలేదు ఫ్లోరా. అందరూ నాకు పొడి పంపించినారు. నీ తట్ట ఒక్కటే మనిషికి పంపించినట్ట ఉండింది. తట్ట కడిగి ఖాళీగా వాని చేతికి ఇయ్యల్లంటే నాకు ప్రాణం పోయినట్ట అయినాది. సుమ్నే, ఊరికే ఒక పిడికెడు చక్కెరన్నా వేసి ఉండొచ్చు. వేయలేదు. నువ్వు పంపించు. అడిగినోళ్ళకు జాయ్స్ పంపించమనిందని చెప్పు.”

ఫ్లోరమ్మ చేతిలో ఉండను కింద పెట్టింది. ఆ ఏడు జాయ్స్ పళ్ళెంలో తాను పెట్టినవి ఆమెకు బాగా గుర్తున్నాయి. డబ్బా అడుగున మిగిలిన ముక్కలు. ‘ఏడాదిల్లే కదా’ అనుకుంటూ గుడ్డ కప్పింది. మంచివి ఏరి చర్చి పాటల కాయిర్ నడిపే రోనాల్డ్ మాస్టర్ ఇంటికి పెట్టింది. రెండు పళ్ళేలూ జెరాల్డే ఆటోలో తీసుకుపోయాడు. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద మాస్టర్ భార్య పదిమంది ముందు అన్న మాట కూడా గుర్తొచ్చింది: “ఈసారి మీ కల్‌కల్ అన్నీ పొడే ఫ్లోరా.” ఇంటికొచ్చి జెరాల్డ్‌ను ఉతికి ఆరేసింది. అతను తల గోక్కుంటూ, “రోడ్డంతా గుంతలు గదా” అన్నాడు.

గుంతలట. రెండు పళ్ళేలనూ మార్చింది గుంతలా! ఫ్లోరమ్మకు తన మీద తనకే పుట్టిన రోత ముందు చాక్లెట్ ముద్ద ఎంత!

“నా కల్‌కల్ తిన్నావా?” జాయ్స్ అడుగుతోంది. “ఆ కరోనా వచ్చిపోయినప్పటి నించి నాకు ముక్కు పని చెయ్యదు. పువ్వూ తెలీదు, పేడా తెలీదు. నూనె ఎట్ల ఉండిందో ఏమో. ఏమి చేసినా, ఎవురిని అడిగినా బాగుండాది అంటారు. నువ్వైతే ఉన్నది చెప్తావని నీకే మొదట పంపించినాను.”

చిన్న గిన్నె కిటికీలోనే ఉంది. ఫ్లోరమ్మ చేతులు కడుక్కుని, సాక్ష్యంగా దాచిన రెండిటిలో ఒకటి తీసుకుంది. జాయ్స్ ఆమె ముఖాన్నే చూస్తోంది. మంచం మీద రోగి చూసినట్టు చూస్తోంది. ఫ్లోరమ్మ ముక్కు మూసుకోలేదు. నోట్లో వేసుకుని, నమిలి, మింగింది. రెండోదీ తిన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం మాత్రం ముడవలేదు.

“నూనె ముక్కిపోయిండాది వదినా.”

“అయ్యో! మరి రెండూ మింగినావేమే?”

“నువ్వు చేసినవి గదా.” ఫ్లోరమ్మ లోటాతో నీళ్ళు తాగింది. “ఇంగ మీద నూనె పొయ్యి మీద పెట్టకముందు నాకు తెచ్చి చూపించు. నా ముక్కు ఊరికే పడుండాది.”

జాయ్స్ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక ఉండ నోట్లో పెట్టుకుంది. “వాసన తెలీదు కానీ, తీపి తెలస్తా ఉండాది. కరగడం తెలస్తా ఉండాది” అంది. పదిహేను గుండ్రటి ఉండలు, ఏరి ఏరి పెట్టినవి, తన పళ్ళెంలో పట్టుకుని వెళ్ళింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఫ్లోరమ్మ పెరట్లోకి పోయి ఉప్పునీళ్ళతో ఆరుసార్లు పుక్కిలించింది. ఆ ముక్కిన నూనె వాసన పోలేదు. నాలుక గీసుకుంది. అయినా పోలేదు. తిట్టుకుంటూ వచ్చి మిగిలిన ముద్దంతా చుట్టింది. ఆరు పళ్ళేలు వరసగా పేర్చి, ఒక్కొక్క దాంట్లో సర్దింది. చేతికి అంటుకుని సొట్టపోయినవీ, చప్పిడి ముక్కులాంటివీ, కోకో పొడి సగం రాలిపోయినవీ ఒక పక్కకు చేరాయి.

వాటన్నిటినీ పోగుచేసి, ఆ ఆరిటిలో ఒకటైన రోనాల్డ్ మాస్టర్ ఇంటి పళ్ళెంలో పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కప్పింది. మాస్టర్ భార్య ఏమైనా అంటే, రోడ్డంతా గుంతలు.