గంట ఆగమన్న అత్తరు

ఆళ్లగడ్డలో మాకు కారం మర ఉంది. ఇరవై ఏళ్లుగా ఎండు మిరపకాయలకు తొడిమలు తీయడం, మరలో పోయడం, కారం సంచులకెత్తడం నా పని. సున్నిపిండి పెట్టినా, చింతపండుతో తోమినా ఆ ఘాటు నా చేతుల్ని వదలదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు తుమ్మితే నాకు నవ్వొచ్చేది. మనవరాలు పుట్టేదాకా ఆ వాసన గురించి నాకు దిగులే లేదు.

నెలకోసారి నంద్యాలలో కూతురింటికి పోతాను. పాపకు పది నెలలు. గడప దాటీదాటకముందే చెప్పులు అటొకటి ఇటొకటి విసిరేసి, దాన్ని గబుక్కున ఎత్తుకుంటాను. ఎత్తుకున్నానో లేదో అది తుమ్మి, మొహం తిప్పుకుని, ఇల్లు పీకి పందిరేస్తుంది. వియ్యపురాలు అందుకుంటే చాలు, ఊరుకుంటుంది. పాపకు మిరపకాయల అవ్వంటే భయమని పోయిన నెల ఆమె నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నా నాకు చురుక్కుమంది. తిరుగు బస్సులో శిరివెళ్ల దాకా కొంగు కళ్లకద్దుకుంటూనే ఉన్నాను. నా మనవరాలు నా దగ్గరికి రాకపోతే ఇంకెందుకీ బతుకు అనిపించింది.

అందుకే ఈసారి నంద్యాలలో బస్సు దిగి నేరుగా మసీదు పక్కన అత్తరు అంగడికి పోయాను. మిరపకాయల వాసన పోగొట్టేది ఏదైనా ఇయ్యమన్నాను. అంగడాయన గడ్డం నెరిసిన పెద్దమనిషి. ఆ ఘాటును ఏ పువ్వూ కప్పలేదని, దాంతో కలిసిపోయేదే పూసుకోవాలని చెప్పి, గాజుపుల్లతో నా మణికట్టు మీద ఒక చుక్క రాశాడు. లవంగం, మిరియం, గులాబీ కలిపిన అత్తరట. నేను అలవాటుకొద్దీ రెండు చేతులూ రుద్దబోయాను.

"రుద్దొద్దమ్మా, పువ్వు సచ్చిపోతాది. గంటసేపు దాని జోలికి పోవద్దు. అదే బయటికొస్తాది" అన్నాడాయన.

ఆటో ఎక్కి రెండు నిమిషాలు కూడా ఆగలేక వాసన చూశాను. ఓయమ్మ, బిర్యానీ గిన్నె మూత తీసినట్టు ఒకటే లవంగం! కారం చాలదని మసాలా కూడా పూసుకున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. వెనక్కి పోయి ఆయనతో జగడం పెట్టుకుందామనుకున్నాను గానీ, ఆటో అప్పటికే కూతురి వీధిలోకి తిరిగింది.

ఆ లవంగం ఘాటుతో పాపను ముట్టుకోవడానికి భయమేసింది. గంట కానీలే అని గోడకానుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఊరికే కూర్చోవడమంటే ముళ్లమీద కూర్చోవడమే. పాప స్టీలు గిన్నెతో ఆడుకుంటూ నావైపు చూసింది. నేనూ చూశాను, కదల్లేదు. కొంతసేపటికి మణికట్టు మీద లవంగం మెత్తబడింది. మిరియం వేడి మాత్రం చర్మాన్ని పట్టుకునే ఉంది. ఆ వేడిలోంచి మెల్లగా గులాబీ పైకొచ్చింది. తోటలో పూసే గులాబీ కాదు, నా ఒంటి కారం కూడా కలిసిన గులాబీ. అబద్ధమెందుకు, నా వాసన నాకే ముద్దొచ్చింది.

ఇంతలో పాప గిన్నె వదిలేసి పాకుతూ వచ్చింది. నా చీర పట్టుకుని లేచి, ఒళ్లో కూలబడి, ఒకసారి తుమ్మింది. ఇక ఏడుపే అనుకున్నాను. అది ఏడవలేదు. నా గాజులు లాగుతూ ఆడుకుంది.

అత్తరు మహిమ చూడవే అని కూతురికి చెయ్యి చాపాను. అది వాసన చూసి బాగుందంది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"అత్తరు కాదుమా. నువ్వెప్పుడూ వచ్చీరాకనే దాన్ని లాక్కుంటావు. ఈ పొద్దే అది వచ్చేదాకా ఆగినావు."

నాకు కోపం ముంచుకొచ్చింది. గట్టిగా ఏదో అనబోయి ఒళ్లోకి చూశాను. పాప గాజులు పట్టుకునే నిద్రపోయింది. బస్సుకు టైమవుతాందని కూతురు గుర్తుచేసింది.

"పోతే పోనీలేవే" అన్నాను గొంతు తగ్గించి.

అది నాకూ కలిపి బియ్యం పోయడానికి లోపలికి పోయింది.