కలపని ఆముదం

పాల్మాకుల నుంచి రోజూ ఎయిర్‌పోర్టుకు వచ్చి పూర్ణిమ ఆడవాళ్ల బాత్రూముల్లో అద్దాలు తుడుస్తుంది. తుడిచిన ప్రతి అద్దంలోనూ ముందు తన పాపటనే చూసుకుంటుంది. డెంగీ తగ్గినప్పటి నుంచి ఆ పాపట వెడల్పవుతూనే ఉంది. రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి గోడసందులో దోపుతుంది. వాడలో అందరూ వాటిని స్టీలు గిన్నెలవాడికి ఇచ్చేస్తారు. ఈమె మాత్రం ఇవ్వదు.

ఇంట్లో వండిన ఆముదం సీసా అత్త ఇచ్చిన రోజు పక్కింటి సురయ్యా చెప్పింది: "జర కొబ్బరినూనెల కలుపు. ముందుగాల మోచేతి మీద రాసి చూడు, దురద పెడితే వద్దు. కొంచెమే పెట్టి, చిక్కు తీసినంకనే కడుగు." కలిపితే బలం తగ్గుతుందనుకుంది పూర్ణిమ. సగం సీసా తల మీద వంపుకుని, కొప్పు బిగించి, పైన డ్యూటీ టోపీ పెట్టుకుని పోయింది. సాయంత్రం జుట్టంతా నడినెత్తికి ఎత్తి, వేడినీళ్లతో రుద్ది రుద్ది కడిగింది. జుట్టు మళ్లీ విడివడలేదు. పిట్టగూడులా గట్టి ముద్ద కట్టింది.

సురయ్యా కొబ్బరినూనె పోసి, చాలాసేపు వేళ్లతో విడదీయాలని చూసింది. "ఇగ రాదు పూర్ణిమా," అని కత్తెర తీసుకుంది.

"వద్దక్కా. మిగిలినయే గివి. ఇంకోసారి చూడు."

సురయ్యా ఇంకోసారి చూసింది. ఆ తర్వాత కత్తిరించింది. పూర్ణిమ ఏడవలేదు. ఆ ముద్దను ఒళ్లో పెట్టుకుని, దువ్వెన అందుకుని, కొసల నుంచి మెల్లగా చిక్కు తీయడం మొదలుపెట్టింది.