లారీ వెనుక తామరపువ్వు

ఆ రోజుల్లో నాకు ప్రభుత్వం మీద గట్టి అభిప్రాయం ఉండేది, ఉద్యోగం మాత్రం ఉండేది కాదు. రాజాంలో డిగ్రీ ముగించి, గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివి, మనిషి జోలికి పోకుండా వదిలేస్తే తన బతుకు తాను బతుకుతాడు, అడుగడుగునా అనుమతి అడిగించడం దేనికి అన్న నిర్ణయానికి వచ్చాను. (ఆ అభిప్రాయం ఇప్పటికీ ఉంది. ఉద్యోగం తర్వాత ఎప్పుడో వచ్చింది.) ఇంట్లో నా పచార్లు చూడలేక అమ్మ నన్ను సాలూరులో మేనమామ దగ్గరకు పంపేసింది. ఆయన లారీలకు బొమ్మలు వేసేవాడు. ఊరంతా బొమ్మల మావ అని పిలిచేవారు. నాకు రంగు కలపడం చేతకాలేదు గాని, ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కన తిరుగుతూ మాట్లాడడం బాగా వచ్చింది. ఆయన వినేవాడో లేదో తెలియదు. ఆపమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

సాలూరు షెడ్డుల్లో కొత్త లారీకి బాడీ కట్టాక, అన్నిటికన్నా ఆఖరున వెనుక తలుపు మీద బొమ్మ పడాలి. అది పడనిదే ఏ ఓనరూ లోడు ఎక్కించడు. మావ వేసే బొమ్మ ఎప్పుడూ ఒకటే. నడుమ ఆవూ దూడా, రెండు పక్కలా తామరపువ్వులు. ఆ ఏడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒక పాత స్నేహితుడు కొత్త లారీ కొంటే, కాదనలేక ఒప్పుకున్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకొని, రేకు రేకుకీ ఊపిరి బిగబట్టి, మామూలుగా పట్టే రోజులకు రెట్టింపు రోజులు వేశాడు. అయ్యాక బ్రష్షు తుడుచుకుంటూ, "ఇదే ఆఖరుదిరా అల్లుడూ. ఇంక ఈ సెయ్యి నా మాట ఇనదు" అన్నాడు. నేను డబ్బాల మూతలు బిగించాను. (పుస్తకాల్లో ఓదార్పు మాటలు చాలానే చదివాను. ఆ పూట ఒక్కటీ అందిరాలేదు.)

ఆ లారీకి మొదటి లోడు కొండ మీది అనాసపళ్ళు. ఊరు దాటీ దాటకముందే ఎన్నికల చెక్‌పోస్టులో ఆపేశారు. తామరపువ్వు ఒక పార్టీ గుర్తట. కోడ్ అమల్లో ఉందట. పువ్వులు చెరిపితే గాని బండి కదలదట. ఓనరు ఫోనులో ఇదంతా చెప్పగానే మావ తెల్ల పెయింటు డబ్బా, బ్రష్షు సంచిలో వేసుకొని నా మోటారుసైకిలు వెనుక కూర్చున్నాడు. నేను దారి పొడుగునా వాదన కూర్చుకుంటూ బండి నడిపాను. రెండుసార్లు గోతుల్లో దించాను కూడా.

చెక్‌పోస్టు అంటే రోడ్డు పక్క ఒక షామియానా, బల్ల, స్టాండు ఫ్యాను, ఒక పశువుల డాక్టరు. డ్యూటీ వేస్తే పాపం వచ్చి కూర్చున్నాడు. మెత్తటి మనిషి. ఆవు మూపురం ఎంత బాగా కుదిరిందో అని మావను మెచ్చుకున్నాడు కూడా. కానీ పక్కనే వీడియో తీసే మనిషి ఉన్నాడు. జరిగిందంతా రికార్డు కావాలి. ఆ కెమెరా తన వైపు తిరిగినప్పుడల్లా డాక్టరు గొంతు గట్టిపడేది. నేను మొదలుపెట్టాను. ప్రభుత్వాన్ని ఎన్నుకునే తెలివి జనానికి ఉందని మీరే అంటారు, లారీ వెనుక పువ్వు చూస్తే ఆ తెలివి పోతుందనీ మీరే భయపడతారు, ఇదెక్కడి లెక్క అని అడిగాను. నిబంధన అన్నాడు. మరి చెరువుల్లో పూసినవాటి మీద గుడ్డలు కప్పుతారా అన్నాను. అది తన పరిధిలోకి రాదన్నాడు. టార్పాలిన్ కింద నుంచి పళ్ళ వాసన ముదురుతోంది. చీకటి పడేలోగా విజయనగరం చేరకపోతే సరుకు దింపుకునేవాడుండడని ఓనరు లారీ చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన వెనుక నేనూ తిరుగుతున్నాను. అలా తిరుగుతుంటే ఫ్యాను కంటబడింది.

"మరి మీ ఫ్యానో సార్? అదీ ఒక పార్టీ గుర్తే కదా" అన్నాను.

కెమెరా మెల్లగా ఫ్యాను వైపు తిరిగింది. డాక్టరు లేచి, స్విచ్చి కట్టేసి, ఫ్యాను తలకు తన తువ్వాలు చుట్టాడు. నేను కోరింది అది కాదు. నిబంధన ఎంత అర్థంలేనిదో తెలిసొచ్చి పువ్వును వదిలేస్తాడనుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. టీ తాగుతున్న గాజుగ్లాసుల సంగతి ఎత్తాను. టీ పారబోశారు. కానిస్టేబులు సైకిలు సంగతి ఎత్తాను. దాన్ని తీసుకెళ్ళి తుప్పల్లో పడుకోబెట్టారు. ఎండ మండిపోతోంది. గాలీ టీ లేని మనుషులంతా నన్నే చూస్తున్నారు. నాకు మాత్రం గెలుస్తున్నట్టే ఉంది. దారిలో ఒక గోడ మీద ఎవరో స్వతంత్ర అభ్యర్థికి వచ్చిన గుర్తు చూశాను. అది అనాసపండు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. మావ నా భుజం పట్టుకొని పక్కకు లాగాడు. ఆ గోడ ఆయనా చూశాడు.

"ఊరుకోరా. నువ్వింకో మాటంటే లోడు కూడా దింపీస్తారు."

"అన్యాయం కదా మావా."

"అన్యాయమే. అయితే ఏటి సేస్తావు, పళ్ళు కుళ్ళబెడతావా?"

బ్రష్షు నేను అందుకోబోయాను. ఇవ్వలేదు. "నానేసింది, నానే సెరుపుతాను" అన్నాడు. ఎడమచేత్తో మణికట్టు పట్టుకొని, వేసినప్పుడు ఎంత జాగ్రత్తగా వేశాడో అంత జాగ్రత్తగానూ చెరిపాడు. ఆవు తోక మీద తెల్లచుక్క పడనివ్వలేదు. డాక్టరు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. లారీ వెళ్ళిపోయింది, పళ్ళు వేళకు చేరాయి. ఎన్నికలు అయ్యాక ఓనరు పువ్వులు మళ్ళీ వెయ్యమని వచ్చాడు. మావ తన చెయ్యి చూపించి నవ్వాడు. ఆయన ఆఖరుగా వేసింది ఆ తెల్లరంగే. ఏ నిబంధనకూ అడ్డురాని బొమ్మ.

మావ పోయి ఏడాది దాటింది. ఫొటోలు వెతికితే పెళ్ళిళ్ళలో ఉన్నాడు, చర్చి మెట్ల మీద ఉన్నాడు, బ్రష్షు పట్టుకొని ఎక్కడా లేడు. అలా ఉన్నది చెక్‌పోస్టు వీడియోలోనే. అది తలచుకుంటే నిద్ర పట్టక, ఎన్నికల కాగితాలు చూసే ఆఫీసుకు మొన్న వెళ్ళాను. వరసలో నిలబడి, చేతులు కట్టుకొని ఆ వీడియో కావాలని అడిగాను. గడువు దాటిన రికార్డింగులు నిబంధన ప్రకారం తీసేస్తారని కౌంటరులో ఆవిడ చెప్పింది. ఎందుకండీ అని అడిగింది. అందులో మా మావ పని చేస్తున్నాడండి అన్నాను. ఆవిడ ముందున్న కాగితాలు పక్కకు జరిపి, కూర్చోండి, లోపల ఎక్కడైనా కాపీ మిగిలిందేమో చూస్తాను అని లేచింది. ఆవిడ పని కాదది. భోజనం వేళ పోగొట్టుకొని, బీరువాలన్నీ వెతికి, చేతుల దుమ్ము దులుపుకుంటూ వచ్చి లేదని చెప్పింది. నమస్కారం పెట్టి మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. అప్పటి నేనే అయితే, నిబంధనలో లేని పని మీరెలా చేస్తున్నారని ఆవిణ్ణి కూడా నిలదీసి ఉండేవాణ్ణి.